నమూనా కార్ల నిర్మాణము: మరల మొదలిడువారికి

ఇంటిపనికి ఒక గుణము కలదు: అది యెన్నడును పూర్తి కాదు. ఉదయము తోమిన గిన్నెలు మధ్యాహ్నమునకు మరల అంట్లగును. నేడుతికిన చీర రేపటికి మాయును. చేసినది చేసినట్లే నిలిచి, పదియేండ్ల పిమ్మటనైనను “ఇది నా చేతిపని” యని చూపదగిన వస్తువు గృహిణికి దొరకుట అరుదు. అల్లిక, కుట్టు, చిత్రలేఖనము మొదలగు పనులపై మనకు గల మక్కువకు ఇదియు నొక కారణము కావచ్చును. ఆ కోవలోనిదే యైనను, స్త్రీల పని యని యెవరును తలపని మఱియొక చేతిపనిని గూర్చి ఈ నెల ముచ్చటింపదలచితిమి. అది నమూనా కార్ల నిర్మాణము.

నమూనా కారనగా పిల్లలు నేలమీద తోలుకొను ఆటబొమ్మ కాదు. నిజమైన కారును కొలిచి, దాని భాగముల నన్నిటిని ఒకే నిష్పత్తిలో తగ్గించి, పాలిస్టైరీను అను ప్లాస్టిక్కుతో అచ్చుపోసి, విడిభాగములుగనే పెట్టెలో నుంచి అమ్ముదురు. దీనినే కిట్టు అందురు. కొన్నవారు ఆ భాగములను కత్తిరించి, నునుపుచేసి, రంగువేసి, అతికించి కారుగా నిలుపవలెను. పెట్టెపై 1/24 అని యున్నచో నిజమైన కారులో ఇరువది నాలుగవ వంతని యర్థము. అనగా అడుగునకు అర అంగుళము లెక్క. 2014లో తయారీ నిలిచిపోయిన మన అంబాసిడరు కారు పొడవు సుమారు 4.3 మీటర్లు. అది 1/24 లెక్కను 18 సెంటీమీటర్లును, 1/32 లెక్కను 13 సెంటీమీటర్లకు కొంచెము పైగను, 1/43 లెక్కను 10 సెంటీమీటర్లును అగును.

కన్నును చేయియు

బాల్యమున అన్నదమ్ముల ప్రక్కను గూర్చుండి ఇట్టి కార్లను కట్టినవారు మన పాఠకురాండ్రలో కొందఱైనను ఉందురు. పిదప చదువు, వివాహము, ఉద్యోగము, బిడ్డలు! పెట్టె అటకెక్కినది. ఇప్పుడు పిల్లలు పెద్దవారై, దినమున కొక గంట చేతికి చిక్కుచున్నది. పాత కోరిక మరల తల యెత్తును. ఉత్సాహముతో పెద్ద కిట్టు నొకదానిని కొందురు. నెలదినములు శ్రమించి కట్టుదురు. కట్టినదానిని చూచి పెదవి విఱిచి, “ఇక నా వలన కాదు” అని పనిముట్లను పంచిపెట్టుదురు. ఇట్లు మానుకొన్న వారిని మేము పలువురిని ఎఱుగుదుము. మేమును చాల కాలమునకు ఈ పనిని మరల చేపట్టిన వారమే గావున, ఈ నిరాశకు గల కారణమును కొంత విచారించితిమి.

కారణ మిది. పని మానిన యేండ్లలో చేయి పెరుగలేదు గాని కన్ను పెరిగినది. పదియేండ్ల బాలికకు చక్రములు తిరిగిన చాలును. తలుపు అంచున జిగురు కారినను ఆమె కంటబడదు. నలువది యేండ్ల స్త్రీ యెన్నో మంచి వస్తువులను చూచినది; చీర అంచులో ఒక పోగు తప్పినను పట్టగలదు. ఆ కన్ను అడుగునంతటి పనిని, ఇరువదియేండ్లుగా కత్తియు జిగురును ముట్టని చేయి చేయజాలదు. కంటికిని చేతికిని నడుమ ఏర్పడిన ఈ యెడమునే మనము “శక్తి లేదు” అని పొరబడుచున్నాము.

సంగీతము నేర్చినవారికి ఈ సంగతి తెలిసినదే. పెండ్లియైన పిమ్మట వీణను మూలనుంచిన స్త్రీ, పదునైదేండ్లకు దానిని మరల చేపట్టినపుడు సరళీస్వరములతో మొదలిడును. నేరుగా వర్ణమునకు పోయినచో వ్రేళ్లు తడబడును, చెవి క్షమింపదు, వీణ మరల మూల జేరును. సరళీస్వరములకు మరలుట ఆమెకు చిన్నతన మనిపింపదు. కార్ల నిర్మాణము నందును ఇంతే. మరల మొదలిడువారు మొదలిడువారే. ఈ మాటను ముందుగా ఒప్పుకొన్నచో తక్కిన పనియంతయు సులువగును.

ఇది మగపిల్లల పనియా?

“ఏమమ్మా, ఈ వయసులో కారుబొమ్మ లేమిటి?” అని ఇంటిలోని పెద్దవారడుగవచ్చును. కారు మగవాని వస్తువను తలంపు పాతది. మన దేశమునకే పరిమితమైనదియు గాదు. అమెరికాలో జనరల్ మోటార్సు సంస్థవారు 1930 నుండి 1968 వరకు ఫిషర్ బాడీ క్రాఫ్ట్స్‌మన్స్ గిల్డ్ అను పేరుతో పోటీలు నడపిరి. మొదట రాచబండి నమూనాకును, పిదప సొంత ఊహతో చేసిన నమూనా కార్లకును బహుమానము లిచ్చిరి. ఉత్తమ శిల్పులకు 5000 డాలర్ల విద్యార్థి వేతనములు లభించెను. అందుండి పలువురు కార్ల రూపకల్పనను వృత్తిగా గైకొనిరి. కాని ఆ పోటీలు బాలురకు మాత్రమే. బాలికలకు నేర్పు లేక కాదు, వారికి తలుపు తెఱువబడలేదు.

అదే దేశమున 1943లో లూయిస్ గ్లేజరు స్థాపించిన రెవెల్ కంపెనీ నమూనా కిట్ల వ్యాపారములో ప్రసిద్ధికెక్కెను. 1951లో వారు వెలువరించిన 1/32 పాతకాలపు కార్ల వరుస ప్లాస్టిక్కు కిట్లకు విశేష ప్రచారమును దెచ్చినది. 1972లో ఆయన గతించిన పిమ్మట ఆ కంపెనీని నడపినది ఆయన భార్య రాయిల్ గ్లేజరు. పోటీలో గూర్చుండుటకు బాలికకు తావులేని ఆ దేశముననే, బాలురు కోరి కొనుక్కొను పెట్టెలను తయారుచేయు కార్ఖానాకు ఒక స్త్రీ యజమానురాలైనది. కావున ఎవరైనను ఆక్షేపించినచో మన పాఠకురాండ్రు తల వంచుకొన నక్కఱలేదు.

ఈ పని పిల్లలాట యనువారికి మఱియొక సంగతి చెప్పవచ్చును. జపానుదేశపు షిజుఒకా నగరమున 1946లో కలపకోత మిల్లుగా మొదలైన టామియా సంస్థ, పిదప కొయ్యనమూనాలకును, 1960 నుండి ప్లాస్టిక్కు నమూనాలకును మరలినది. ఆ సంస్థకు చెందిన షున్‌సాకు టామియా పోర్షె కారు నమూనాను సరిగా తయారుచేయుటకై నిజమైన పోర్షె 911 కారునే కొని, విడదీయించి పరిశీలించెను. చిన్నవస్తువును సరిగా చేయుటకు పెద్దవస్తువును కూలంకషముగా తెలియవలెననుట దీని సారము. కిట్టు కట్టినవారికిని ఆ లాభములో కొంత దక్కును. చక్రమునకును స్టీరింగునకును గల లంకె, బరువును మోయు స్ప్రింగుల యమరిక చేతితో తెలిసికొందురు.

ఎట్టి కిట్టును కొనవలెను

అంగడిలోని పెట్టెపై నున్న బొమ్మను చూచి కొనరాదు. ఆ బొమ్మ మన కంటిని పిలుచును గాని చేతిని అడుగదు. మొదటి కిట్టు చేతి కొఱకు, రెండవది కంటి కొఱకు అని నియమము పెట్టుకొనుడు.

మొదటిదానికి జిగురును రంగును అక్కఱలేని, నొక్కినంతనే అతుకుకొను కిట్టు ఉత్తమము. జపానుదేశపు ఆయోషిమా సంస్థవారి 1/32 కిట్లలో ఇట్టివి కలవు. భాగములు ముందే రంగుగల ప్లాస్టిక్కుతో పోయబడియుండును. రెండు మూడు సాయంకాలములలో పూర్తియగును. దీనిని తేలికపని యని తృణీకరింపరాదు. చట్రము నుండి భాగమును గాయపడకుండ కోయుట, పటమును చదువుట, ఎంత బలముతో నొక్కవలెనో తెలిసికొనుట అను మూడు పాఠములును ఇందే యున్నవి.

రెండవదానికి 1/24 కిట్టును, అందులోను ఇంజను భాగములు లేనిదానిని తీసికొనవచ్చును. బానెట్టు మూసియే యుండును గావున పని సగమగును. 1/12 వంటి పెద్దవానిని, సన్నని లోహపురేకు భాగములు గలవానిని మూడు నాలుగు కార్ల వఱకు ముట్టరాదు. రంగు విషయమున, నిగనిగలాడు నలుపు ప్రతి గీతను ఎత్తిచూపును. పసుపు, ఎరుపు రంగులు ప్లాస్టిక్కును కప్పుటకు పూత లెక్కువ కోరును. నీలము, బూడిదవన్నె మొదలగు మధ్యమ వర్ణములు మొదలిడువారిని కాపాడును.

పనిముట్లు

పనిముట్లు విస్తారముగా కొననక్కఱలేదు. ఒక ప్రక్క చదునుగా నున్న చిన్న కటింగు ప్లయరు, సన్నని కత్తి, పట్టకారు, 400 మొదలు 2000 వఱకు గల ఉప్పుకాగితములు, ప్లాస్టిక్కు జిగురు, రెండు మూడు కుంచెలు, కోసినప్పుడు బల్ల పాడుకాకుండ క్రింద పఱచుకొను చాప. ఇవి చాలును. నలువది దాటినవారికి దగ్గఱి చూపు తగ్గుట సహజము. తలకు తగిలించుకొను భూతద్దమును, తెల్లని వెలుతురు నిచ్చు బల్లదీపమును వీనికి చేర్చుకొనవలెను. చేయి వణకుచున్నదని చింతించు పలువురకు నిజముగా వెలుతురే చాలుటలేదు.

పని నడచు తీరు

భాగములపై అచ్చునుండి వచ్చిన నూనె పొర యుండవచ్చును. మొదట సబ్బునీటితో కడిగి నీడను ఆరబెట్టవలెను. ఈ పొర యున్నచో రంగు నిలువదు.

భాగమును చట్రమునుండి ఒక్కవేటున కోయరాదు. మొదట దూరముగా కోసి, మిగిలిన మొనను రెండవమారు దగ్గఱగా కోసి, కత్తితోను ఉప్పుకాగితముతోను సరిచేయవలెను. ఒకేసారి దగ్గఱగా కోసినచో ప్లాస్టిక్కు చిట్లి తెల్లని మచ్చ పడును.

ప్లాస్టిక్కు జిగురు మనము కాగితమునకు వాడు జిగురు వంటిది కాదు. అది ప్లాస్టిక్కునే కొంత కరగించి రెండు అంచులను ఒకటిగా చేయును. పలుచని జిగురైనచో రెండు భాగములను ముందే చేర్చి పట్టుకొని, సందుకడ కుంచెమొనతో తాకించిన చాలును; దీపపు వత్తిలోనికి నూనె ప్రాకినట్లు సందులోనికి తానే ప్రాకును. ఎక్కువ పూసిన అందము చెడుటయే గాక భాగము మెత్తబడును. సందు మిగిలినచోట లప్పము పెట్టి, ఆరిన పిమ్మట తడి ఉప్పుకాగితముతో రుద్దవలెను. కొండపల్లి శిల్పులు పొనికికఱ్ఱ బొమ్మల యతుకులకు చింతగింజల పిండియు రంపపుపొట్టును కలిపిన ముద్దను పెట్టి నునుపు చేయుదురు గదా. ఈ పనియు ఆ జాతిదే.

కారు అద్దములకు మాత్రము ఈ జిగురును గాని, క్షణములో అతుకు సూపర్‌గ్లూను గాని వాడరాదు. మొదటిది అద్దమును కరగించును. రెండవదాని ఆవిరి పొగమంచువలె తెల్లగా పట్టును. వడ్రంగులు వాడు తెల్లజిగురే అద్దములకు తగినది. ఆరిన పిమ్మట అది కనబడదు.

రంగు వేయుటలో ఒక్క లెక్కను మనసున నుంచుకొనుడు. 1/24 కారుపై రంగు పదియవ వంతు మిల్లీమీటరు మందమున్నచో, అది నిజమైన కారుపై 2.4 మిల్లీమీటర్ల మందముతో సమానము. అంత దళసరి రంగును ఏ కారుపైనను చూడము. తలుపుల గీతలు పూడిపోయి కారు బెల్లపుముద్దవలె కనబడుటకు కారణ మిదియే. కావున మొదట ప్రైమరు, పిదప మిక్కిలి పలుచని పూతలు మూడు నాలుగు. ప్రతి పూతయు ఆరనిచ్చి తరువాతిది వేయవలెను. లక్కరు జాతి రంగుపై ఎనామెలు జాతి రంగు వేయవచ్చును గాని, ఎనామెలుపై లక్కరు వేసినచో క్రిందిపూత ముడుతలు పడును. సందేహమున్నపుడు పాత ప్లాస్టిక్కు చెంచాపై ముందుగా వేసి చూడుడు. రూపాయి ఖర్చుతో కిట్టు దక్కును.

మన వాతావరణమును మఱువరాదు. కోస్తా జిల్లాలలో వానకారున లక్కరు రంగును చల్లినచో పాలవలె తెల్లబారును. రంగులోని ద్రవము వేగముగా ఆవిరియగునపుడు ఉపరితలము చల్లబడి గాలిలోని తేమ దానిపై చేరుటయే ఇందుకు హేతువు. నడివేసవి మధ్యాహ్నమున రంగు కారును చేరకముందే గాలిలో ఆరి గరుకుగా పడును. వాన లేని దినమున ఉదయపువేళ యనుకూలము.

కుటుంబ క్షేమము

ఇక అన్నిటికంటె ముఖ్యమైన మాట. ప్లాస్టిక్కు జిగురులలో అసిటోను వంటి ద్రవము లుండును. లక్కరు రంగులును థిన్నరును ఇట్టివే. ఇవి త్వరగా నంటుకొనును. వీని ఆవిరి ఊపిరితిత్తులకును తలకును హానికరము. కావున పొయ్యిగల వంటయింటను, దీపము వెలుగు దేవునిగదిలోను ఈ పని చేయరాదు. కిటికీ తెఱచి, గాలి మీనుండి వెలుపలికి పోవునట్లు కూర్చుండవలెను. రంగు చల్లుట డాబాపైన గాని వసారాలో గాని జరుపవలెను. ముక్కునకు కట్టుకొను గుడ్డ ధూళిని కొంత ఆపునేమో గాని ఆవిరిని ఆపదు. ఆవిరిని పట్టు బొగ్గు డబ్బాలు గల మాస్కునే వాడవలెను. గర్భిణీస్త్రీలు లక్కరును, చల్లు రంగులను పూర్తిగా మానవలెను. జిగురక్కఱలేని కిట్లు వారికి చాలును. ఇంట పసివారున్నచో కత్తులు, జిగురు, థిన్నరు తాళముగల పెట్టెలో నుంచుడు. నీళ్లసీసాలలో థిన్నరు పోసి యుంచుట మహాప్రమాదము.

అటకమీది పాతపెట్టె

పాత కిట్టు ఇంకను అటకపై నున్నవారు దానితోనే మొదలిడ నుబలాటపడుదురు. కొంచె మాగవలెను. వేసవివేడికి పల్చని భాగములు వంగియుండవచ్చును. వంగినవానిని చేతికి ఓర్చుకొనదగిన వేడినీటిలో ఉంచి మెల్లగా సరిచేయవచ్చును. నీటిలో నానబెట్టి అతికించు స్టిక్కర్లు పసుపెక్కి పెళుసుబాఱి యుండును. ఒక మూలదానిని ముందు పరీక్షించుడు. మెత్తని టైర్లు ఏండ్ల తరబడి ప్లాస్టిక్కును తాకియున్నచో వానిలోని నూనెవంటి ద్రవ్యము ఆ ప్లాస్టిక్కును కరగించును. కావున పెట్టె తెఱచినంతనే టైర్లను వేరుసంచిలో నుంచుడు. అటుపిమ్మట పెట్టెను మూసి, రెండు కొత్త కార్లను కట్టిన తరువాత తెఱువుడు. బాల్యపు పెట్టెలో మిగిలినది ఒక్కటే. దానిని అలవాటులేని చేతికి అప్పగింపరాదు.

గంటయు, మూలయు

పలువురకు కష్టమైనది కోతయు గాదు, రంగును గాదు; తమకొక గంట తీసికొనుట. పిల్లల చదువునకు వేళ యున్నది, మగవారి పత్రికకు వేళ యున్నది; గృహిణి వేళ మాత్రము ఎవరు పిలిచిన వారిది. భోజనపుబల్లపై పని పఱచి, ప్రతిదినము మూడుమార్లు ఎత్తవలసివచ్చినచో ఏ కారును పూర్తికాదు. అందుచే మూతగల పెద్ద పళ్లెరమును గాని, పాత సూటుకేసును గాని సంపాదించి, పనిని అందులోనే జరుపుడు. పిలుపు వచ్చినపుడు మూత వేసి లేవవచ్చును. మరల వచ్చినపుడు ఉన్నదున్నట్లుండును. వారమునకు మూడు దినములు, దినమున కొక గంట అని ఇంటివారికి ముందే చెప్పుడు. ఆ వేళలో కాఫీ కావలసినవారు తామే కాచుకొన్నచో ఇల్లు మునిగిపోదు.

ఈ గంటకు కారణము చూపవలెనని కొందఱు స్త్రీలు మథనపడుదురు. “పిల్లలకు నేర్పుటకు” అనియో “ఇంటికి అలంకారము” అనియో చెప్పుకొందురు. అవి మంచి ఫలములే. కాని సంతోషమే చాలిన కారణమని మేము నమ్ముచున్నాము. పురుషుడు చీట్లాడినను చదరంగమాడినను దానివలన ఇంటికేమి లాభమని ఎవరును అడుగరు.

మొదటి కారు పూర్తియైనపుడు దాని లోపములు మీకు కనబడును. మీ కన్ను పెరిగినదని ముందే చెప్పితిమి గదా. దానిని పాఱవేయకుడు, దాచకుడు. క్రిందిభాగమున సన్నని కలముతో నెలను, సంవత్సరమును వ్రాసి కనబడుచోట నుంచుడు. దసరాకో సంక్రాంతికో బొమ్మలకొలువు తీర్చువారు ఒక మెట్టున నుంచినను తప్పులేదు. రెండవ కారు పూర్తియైన దినమున రెంటిని ప్రక్కప్రక్కను పెట్టి చూడుడు. అతుకులలో, అంచులలో, రంగు పలుచదనములో కనబడు భేదమే మీ చేతి యెదుగుదల. దానిని ఇతరులు మెచ్చినను మెచ్చకున్నను, మూడవ పెట్టెను తెఱచుటకు అది చాలును.